వదిన వాటా ఎండ

మా ఇంట్లో నేను భయపడే మనిషి ఒక్కతే. ఆమె మా ఆయనకు అక్క, పేరు చూడామణి. వయసు డెబ్భై దాటింది, ఎత్తు చూస్తే అయిదడుగులు కూడా ఉండదు. బడిలో నేను లెక్కల టీచరుని. నా అడుగుల చప్పుడు వింటే తొమ్మిదో తరగతి మొత్తం నోరు మూసుకునేది. అదే నేను ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి వంటింట్లోంచి వదిన గొంతు వినబడేది. "హైమా, పొద్దున పప్పులో ఉప్పు యాడేసినావు, పక్కింటోళ్ళ గిన్నెలోనా?" నేను చప్పుడు చేయకుండా కాళ్ళు కడుక్కునేదాన్ని.

మాది ఒంగోలు. పెళ్ళయి మద్రాసులో కోడంబాక్కం వచ్చిన కొత్తలో ఈ ఇంట్లోవాళ్ళు మాట్లాడేది తెలుగేనని నమ్మడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఈడ, ఆడ, వస్తా ఉండా, పోతా ఉండా, మధ్యలో అరవం నుంచి ఒక సరి, ఇంకోచోట చాలా అనడానికి ఒక రొంబ. తాతల కాలంలో మద్రాసు వచ్చి స్థిరపడిన కుటుంబం మరి. నేను నవ్వితే వదిన నొచ్చుకునేది కాదు. "నీ తెలుగు రేడియోలో చెప్పుకో పో. ఈడ కూరగాయలోడికి అర్థం కాదు" అనేది. నిజంగానే అర్థం కాలేదు. మొదటి నెలంతా బజారు పనికి ఆమె వెనకాలే తిరిగాను.

వదినకు పందొమ్మిదో ఏట పెళ్ళయింది. ఆయన జార్జి టౌన్‌లో మిరపకాయల మండీలో గుమస్తా. కామెర్లొచ్చి పోయాడు. పిల్లలు లేరు. వాళ్ళ నాన్న, అంటే మా మామగారు, వెళ్ళి పెట్టె సర్దించి కోడంబాక్కం తీసుకొచ్చేశాడు. అప్పటికి వాళ్ళ అమ్మ లేదు. తమ్ముడు శ్రీరామచంద్ర, అంటే మా ఆయన, ఇంకా నిక్కర్లు వేసుకుంటున్నాడు. అతనికి అన్నం కలిపి పెట్టి, జడుపు జ్వరాలొస్తే పక్కన కూర్చుని, పరీక్షలప్పుడు తెల్లవారుజామున లేపి కాఫీ ఇచ్చి పెంచింది ఈమే. ఆ కాఫీ కథ నాకు వెయ్యిసార్లు చెప్పింది. నా కాఫీ బాగాలేదని చెప్పడానికి అది దగ్గర దారి.

మామగారు పోయాక ఇల్లు మా ఆయన పేరు మీదికి వచ్చింది. వదిన అడగలేదు, ఎవరికీ తోచలేదు. వంటింటికి నేనొచ్చాను. పడమటి గది ఆమెకు ఇచ్చాం. ఇచ్చాం అని మేం అనుకుంటూ ఉన్నామంటే అది ఆమెది కాదనే కదా. ఎవరూ ఇవ్వకుండా, ఎవరినీ అడగకుండా ఈ ఇంట్లో ఆమెదైంది ఒక్కటే. అది మిద్దె.

శివరాత్రి దగ్గరపడి అరవవాళ్ళ మాసి నెల వచ్చిందంటే మిద్దె మీద ఆమె రాజ్యం మొదలయ్యేది. చీకటితోనే లేచి పిండి ఉడికించి, మామగారి పాత జరీ అంచు పంచెలు తడిపి పరిచి, గరిటెతో వరసగా వడియాలు పెట్టేది. బియ్యప్పిండివి, సగ్గుబియ్యానివి, గుమ్మడికాయవి. ఆ వెనకాల మజ్జిగ మిరపకాయలు, మామిడి ఒరుగులు. నాలుగు మూలలా ఎర్రటి మిరపకాయలు గుచ్చి, కాకులు బెదిరేలా నల్లగొడుగు తెరిచిపెట్టి, తను ఇంకో గొడుగు కింద కర్ర పట్టుకుని కూర్చునేది. దక్షిణం వైపు బట్టలు ఆరేయడానికి నాకు అనుమతి లేదు. ఒకసారి తడి లుంగీ ఆరేశాను. నేను మెట్లు దిగకముందే అది ఉండ చుట్టుకుని నా మొహాన పడింది. ఎండాకాలం అయ్యేసరికి డబ్బాలు నింపి బంధువులందరికీ పంపేది. ఎన్నూరు నుంచి తిరువళ్ళూరు దాకా ఎవరింటికి పోయినా "చూడామణి అక్క ఒడియాలు" అని వేయించి పెట్టేవాళ్ళు. ఆ ఇళ్ళల్లో నన్ను నా పేరుతో గుర్తుపట్టేవాళ్ళు తక్కువ, చూడామణి మరదలు అంటేనే తెలిసేది.

కిందటి వేసవిలో ఎండలు మరీ మండిపోయాయి. పడమటి గది మధ్యాహ్నానికి పొయ్యిలా కాలిపోయేది. వదిన ఒంటి నిండా చెమటపొక్కులు పేలి, రెండుసార్లు కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. మా ఆయనకు కంగారు పుట్టింది. ఆమె గదికి ఏసీ పెట్టిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "నా ఒక్కదాని కోసం అంత కరెంటా? వద్దు చంద్రా. తడిగుడ్డ కప్పుకుంటా" అంది. ఇతను పట్టు వదల్లేదు. ఆఫీసు నుంచి రిటైరయ్యాక ఏ పనీ లేక ఎదురుచూస్తున్న మనిషికి ఒక పని దొరికింది. ఊళ్ళో ఎవరి మిద్దె మీద సోలార్ పలకలున్నాయో వెతికి, గంట కొట్టి, వాళ్ళ ఇంట్లో కాఫీ తాగి వివరాలు తెలుసుకొచ్చాడు. ఒకరోజు భోజనాల దగ్గర ప్రకటించాడు. "అక్కా, మిద్దె మీద సోలార్ పెట్టిస్తున్నా. ఇంక ఎండే మనకి కరెంటు. నీ ఏసీకి ఎవరూ లెక్క చూడరు." వదిన మజ్జిగ పోసుకుంటూ, "ఎండ ఏసీ తిప్పుతాదా? సరి, చూద్దాం" అంది.

పలకలు పెట్టే అబ్బాయి పేరు జెబకుమార్. ఊరు ఎన్నూరు, ఇంట్లో తెలుగే. వాళ్ళ నాన్న అక్కడి బొగ్గు కరెంటు స్టేషన్లో కూలీ అట. "మా నాయన బొగ్గుతో కరెంటు చేసినాడు, నేను ఎండతో చేస్తా ఉండా పెద్దమ్మా" అని నవ్వాడు. వదినకు అతను మొదటి మాటకే నచ్చేశాడు. అతను మిద్దె అంతా తిరిగి చూశాడు. తూర్పున నీళ్ళ ట్యాంకు నీడ. పడమర పక్కింటి అపార్టుమెంటు నీడ, మధ్యాహ్నం దాటితే వచ్చేస్తుంది. వెనక మెట్ల గది. పొద్దున్నించి సాయంత్రం దాకా అడ్డంలేని ఎండ పడేది దక్షిణం వైపు ఒక్కచోటే. అతను సుద్దముక్కతో అక్కడ గీత గీశాడు. వదిన పంచెలు పరిచే చోటు సరిగ్గా ఆ గీతలోపలే ఉంది.

"పెద్దమ్మా, ఈడ మీరేమన్నా పెట్టుకుంటా ఉంటారా?" అని అడిగాడు. నేను వదిన మొహం చూశాను. మా ఆయన చూడలేదు. తను సుద్ద గీత కొలవడంలో ఉన్నాడు.

"పెట్టుకో నాయనా," అంది వదిన. "ఎండేమన్నా మా నాయన కట్టించినాడా?"

పొంగల్ వెళ్ళాక ఎనిమిది పలకలు వచ్చాయి. వదిన ఒక్కోదానికి చట్రం మూలలో చందనం బొట్టు, కుంకుమ పెట్టింది. నిమ్మకాయ కోసి దిష్టి తీసింది. కర్పూరం వెలిగిస్తుంటే జెబకుమార్ చెప్పులు విప్పి నిలబడ్డాడు. మా అమ్మాయి సహస్ర, పాత మహాబలిపురం రోడ్డులో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది, తెలుగులో మొదలుపెట్టిన ఏ వాక్యాన్నీ తెలుగులో ముగించదు, వాళ్ళ నాన్న ఫోన్లో ఆ కరెంటు లెక్క చూపించే యాప్ పెట్టి ఇచ్చింది. ఆ రోజు నుంచి నా మొగుడు నాకు దక్కలేదు. పొద్దున లేవగానే ఫోను. మబ్బు పడితే మొహం మాడ్చుకునేవాడు, ఎండ కాస్తే నన్ను పిలిచి చూపించేవాడు. ఇంటికొచ్చిన వాళ్ళకు మంచినీళ్ళకన్నా ముందు ఆ ఫోను ఇచ్చేవాడు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం వీధిలో కరెంటు పోయింది. మా ఆయన కాలు మీద కాలు వేసుకుని ఫ్యాన్ కింద కూర్చున్నాడు. "చూస్తూ ఉండండి, మనకు పోదు" అన్నాడు. ఫ్యాన్ మెల్లగా తిరిగి తిరిగి ఆగిపోయింది. జెబకుమార్‌కి ఫోన్ చేశాడు. బ్యాటరీ లేని సోలార్ అంతేనట. వీధి తీగల్లో కరెంటు లేకపోతే ఇది కూడా తనంతట తానే ఆగిపోవాలట. లేకపోతే మన మిద్దె కరెంటు తీగల్లోకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే వాళ్ళకు కొడుతుందట. మొదట్లోనే చెప్పానన్నాడు ఆ అబ్బాయి. చెప్పే ఉంటాడు. మా ఆయన తనకు నచ్చినవే వింటాడని నాకు పెళ్ళయిన వారానికే తెలుసు.

"అంటే ఎండ కాస్తా ఉన్నా ఊరోళ్ళు సరి అంటేగానీ ఇది పనిచెయ్యదా?" అని వదిన చెమట తుడుచుకుంటూ నవ్వింది. "నా ఒడియాలే మేలు రా. ఎవుర్నీ అడక్కుండా ఎండతాయి." మా ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. నేను వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను.

మాసి వచ్చింది. వదిన పిండి ఉడికించింది. పంచె తీసుకుని పైకి పోయింది. ఎక్కడ పరవాలి? ట్యాంకు పక్కన పరిస్తే పదింటి దాకా నీడ. అపార్టుమెంటు వైపు పరిస్తే ఒంటిగంటకే నీడ. పలకల వెనక పలకల నీడే. ఆమె పళ్ళేలలో పెట్టుకుని ఎండ ఎటు పోతే అటు మోసుకుంటూ తిరిగింది. మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి, సాయంత్రానికి మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. వడియం పైన ఎండింది, లోపల మెత్తగా ఉండిపోయింది. నేను మా ఆయనతో చెప్పాను. "కాస్త సర్దుకుంటుందిలే" అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. సర్దుకోవడం ఎప్పుడూ ఎవరి వంతో ఈ ఇంట్లో నాకు బాగా తెలుసు. అయినా ఆ రోజు ఊరుకున్నాను, పరీక్ష పేపర్లు దిద్దాల్సి ఉంది.

తరవాత వారం మా ఆయన ఫోను చూసి లబోదిబోమన్నాడు. ఎండ మాడ్చేస్తోంది, కరెంటు మాత్రం సగానికి సగం పడిపోయింది. సహస్ర కూడా ఆఫీసు నుంచి ఫోన్ చేసింది. "అప్పా, జెనరేషన్ రొంబ తక్కువ. పానెల్ పోయిందా పారుంగో" అంది, అంటే చూడమని. ఒకరోజు కాదు, మూడు రోజులు అదే వరస. పొద్దున పదింటికి పడిపోవడం, మధ్యాహ్నం తరవాత లేవడం. మా ఆయన జెబకుమార్‌ని పిలిపించి కంపెనీ మీద కేకలేశాడు. ఆ అబ్బాయి పైకి వెళ్ళాడు. కాసేపటికి మెట్ల మీదినుంచి తొంగిచూసి, నవ్వాపుకోలేని మొహంతో, "సార్, కొంచెం పైకి రండి" అన్నాడు.

మేం వెళ్ళి చూశాం. ఎనిమిది పలకల్లో నాలుగింటి మీద మామగారి జరీ అంచు పంచెలు తడిపి పరిచి ఉన్నాయి. మూలలు చట్రానికి నాడాలతో కట్టి ఉన్నాయి. వాటి మీద వరసలు తప్పకుండా బియ్యప్పిండి వడియాలు. పై అంచున ఎర్రటి మిరపకాయలు. పక్కన నల్లగొడుగు. పలకల వెనక నీడలో పీట వేసుకుని మా వదిన కర్ర పట్టుకుని కూర్చుంది. ఆమె మొహంలో దాచేదేమీ లేదు.

"ఏంటక్కా ఇది?" అన్నాడు మా ఆయన.

"బాగుండాది చంద్రా ఇది," అంది ఆమె సంబరంగా. "నల్లగా ఉండాది గదా, తొమ్మిదింటికే పెనం మాదిరి కాల్తాది. ఏటవాలుగా ఉండాది, నీళ్ళు నిలవవు. ఒక్క పూటలో గలగలా ఎండిపోతా ఉండాయి. నేను సగమే తీసుకున్నా. సగం నీ కరెంటుకి ఇడిసిపెట్టినా."

నాకు నవ్వు ముంచుకొచ్చింది. జెబకుమార్ అటు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి. అతనే మెల్లగా చెప్పాడు. "అట్ల కుదరదు పెద్దమ్మా. ఇవన్నీ ఒకే దారానికి గుచ్చినట్టు ఉంటాయి. నాలుగింటిని మూసేస్తే మిగతా నాలుగు కూడా మందగిస్తాయి." వదిన "అట్లనా?" అని నిజంగా ఆశ్చర్యపోయింది. అంతటితో అయిపోవాల్సింది. నవ్వుకుని, వడియాలు ఎత్తి, కిందికి దిగాల్సింది.

మా ఆయనకు నవ్వు రాలేదు. మూడు రోజులు ఫోను చూసి చూసి బుర్ర వేడెక్కి ఉంది, బయటివాడి ముందు కంపెనీని తిట్టి ఉన్నాడు. "నీకు బుద్ధుందా అక్కా?" అన్నాడు. "తెలియని వాటి జోలికి ఎందుకు పోతావు? ఇది ఆటవస్తువనుకున్నావా? చాలు. ఇంక నువ్వు నా మిద్దె మీదికి రావద్దు."

వదిన పీట మీంచి లేచింది. నాడాలు ఒక్కొక్కటే విప్పింది. తడి వడియాలతో సహా పంచెలు మడిచి చేతుల మీద వేసుకుంది. జెబకుమార్ పట్టుకోబోతే వద్దంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగింది. ఆ వడియాలు హాల్లో ఫ్యాన్ కింద ఆరబెట్టింది. పులిసి బూజు పట్టాయి. మాసి వెళ్ళిపోయినా మళ్ళీ పిండి ఉడకలేదు. బంధువులు ఫోన్ చేసి అడిగితే, "ఈసారి లేవు. ఎండ తక్కువ" అని చెప్పింది. నెత్తిన ఎండ మాడ్చేస్తున్న నెలలో ఆ మాట చెప్పింది.

ఆ తరవాత మా ఇంట్లో ఒక కొత్త మనిషి వచ్చి చేరినట్టయింది. "హైమా, కాఫీపొడి కొంచెం తీసుకోవచ్చునా?" అని అడిగింది ఒక పొద్దున. ఆ డబ్బాలో పొడి తెప్పించేదీ, కలిపేదీ, తాళం వేసినంత పని చేసేదీ ఆమే. ఇంకోరోజు, "టీవీ పెట్టుకుంటే నీకు ఇబ్బందా?" అంది. నేను ఉప్పు మరిచిపోయిన సాంబారును నోరెత్తకుండా తింది, బాగుందంది. ఆమె నా వంట మెచ్చుకుందంటే లోకంలో ఏదో పాడైపోయిందనే అర్థం. ఇన్నేళ్ళు ఆమె నోటికి భయపడ్డానా, ఇప్పుడు ఆ నోరు కావాలని నాకు ఏడుపొచ్చింది. నాకు అమ్మ పోయాక నన్ను తిట్టే హక్కున్న మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే.

మా ఆయనతో పోట్లాడాను. "అక్కకు సారీ చెప్పండి" అన్నాను. "నేను అలా అనాలనుకోలేదు, ఆమెకు తెలుసు" అన్నాడు. "తెలిస్తే కాఫీపొడి అడుగుతుందా?" అన్నాను. అతను మళ్ళీ ఫోను తీశాడు. ఈ ఇంటి మగవాళ్ళకు తప్పు ఒప్పుకునే నరం లేదు, వాళ్ళ నాన్నకూ లేదట. బదులుగా అతను వెళ్ళి ఏసీ కొనుక్కొచ్చాడు. మంచిదే కొన్నాడు. పడమటి గదిలో బిగించాక వదిన, "చాలా థ్యాంక్స్ చంద్రా" అంది. తమ్ముడికి థ్యాంక్స్ చెప్పడం ఆమె జన్మలో అదే మొదలు. అతను సంతోషపడ్డాడు. అన్నీ సర్దుకున్నాయనుకున్నాడు.

కత్తిరి ఎండలొచ్చాయి, మన రోహిణీ కార్తె లాంటివి. ఒక మధ్యాహ్నం అందరం భోంచేసి పడుకున్నాం. మా ఆయన ఏసీ ఎలా పనిచేస్తోందో చూద్దామని అక్క గది తలుపు తోశాడు. నేను హాల్లోంచి చూస్తున్నాను. గదిలోంచి చల్లగాలి రాలేదు, సెగ వచ్చింది. ఏసీ ఆడటం లేదు. పైన ఫ్యాన్ కూడా తిరగడం లేదు. వదిన నేల మీద తడిగుడ్డ పరుచుకుని, గోడకు జారగిలబడి, తాటాకు విసనకర్రతో విసురుకుంటోంది. మెడ మీద మళ్ళీ పేలింది.

"ఏంటక్కా, కరెంటు ఉందిగా. ఏసీ ఎందుకు వేసుకోలేదు?"

"పరవాలేదు నాయనా."

"ఫ్యాన్ అయినా వేసుకోవచ్చుగా?"

ఆమె మొహమాటంగా నవ్వింది. "నీ మిద్దె కరెంటు గదా చంద్రా. నువ్వు లేచినాక అడిగి వేసుకుందామనుకున్నా."

ఎత్తిపొడుపు అయితే మా ఆయన తట్టుకునేవాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుదామనుకుంది. వదిన వెక్కిరించిందో లేదో నాకు తెలియకుండా పోదు, ఆ విద్యలో నాకు ముప్పై ఏళ్ళ శిక్షణ. మా ఆయన ఫ్యాన్ స్విచ్ వేశాడు. ఏసీ వేశాడు. రిమోట్ ఆమె చేతిలో పెట్టి బయటికొచ్చి, చెప్పులు కూడా లేకుండా మిద్దె మెట్లెక్కాడు. కాళ్ళు కాలిపోతాయని నేను చెప్పులు పట్టుకుని వెనకాల పరిగెత్తాను.

పలకల పక్కన నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చిన్నప్పుడు ఇక్కడే కూర్చోబెట్టేది హైమా," అన్నాడు. "కాకుల్ని తోలమని నా చేతికి కర్ర ఇచ్చి, ఎక్కాలు చెప్పించేది. పదమూడో ఎక్కం తప్పు చెబితే గొడుగు తీసుకుపోయేది." నేను చెప్పులు కింద పెట్టాను. అతను వేసుకోలేదు. "ఆమె కోసమే పెట్టించాను ఇదంతా. ఆమె ఉన్న ఒక్క చోటూ లాక్కుని పెట్టాను" అన్నాడు. నేను ఇంక తిట్టలేదు. చెప్పులు అతని పాదాల దగ్గరికి జరిపాను.

మర్నాడే జెబకుమార్ వచ్చాడు. రెండు పలకలు తీసి మెట్ల గది కప్పు మీద పెట్టాలని మా ఆయన చెబితే ఆ అబ్బాయి తల గోక్కున్నాడు. "ఆడ పక్కింటి నీడ పడతాది సార్. వాటిని వేరే లైనుగా కలపాల. మధ్యాహ్నం దాటితే కరెంటు తగ్గిపోతాది."

"తగ్గనీ."

"ఇంత మంచి ఎండ పడే జాగా ఎవరన్నా ఖాళీగా వదిలేస్తారా సార్?"

"ఖాళీ ఎందుకవుతుంది? ఇది మా అక్క జాగా" అన్నాడు మా ఆయన.

పని అయ్యాక జెబకుమార్ వంటింటి గుమ్మంలో నిలబడి మజ్జిగ తాగుతూ వదినతో, "పెద్దమ్మా, మీ జాగా మీకు వచ్చేసింది" అన్నాడు. ఆమె గ్లాసు అందుకుంటూ, "నాకెందుకు నాయనా. నన్ను పైకి రావద్దన్నారు" అంది. మా ఆయన హాల్లో ఉన్నాడు, విన్నాడు. పలకలు జరిపితే సరిపోదని అతనికి అప్పుడు తెలిసింది. నాకు ముందే తెలుసు. కానీ చెప్పలేదు, ఈసారి అతన్నే కనుక్కోనిద్దామని.

ఆ ఆదివారం తెల్లవారుతుండగా నాకు మాడు వాసన తగిలి మెలకువ వచ్చింది. వంటింట్లో దీపం వెలుగుతోంది. మా ఆయన బనీనుతో నిలబడి పెద్ద గిన్నెలో బియ్యప్పిండి కలుపుతున్నాడు. గడ్డం మీద పిండి. పొయ్యి చుట్టూ పిండి. గిన్నెలో ఉన్నది గంజీ కాదు, ముద్దా కాదు, గోలీకాయల్లా ఉండలు కట్టి అడుగంటిపోయింది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నా వెనకనుంచి అడుగుల చప్పుడు వినబడింది. ఆ వాసనకు వదిన రాకుండా ఉండలేదు. ఒంట్లో ఓపిక లేకపోయినా ఆమెను లేపే శక్తి ఉన్నది చెడిపోతున్న పిండి ఒక్కటే.

"ఎవుర్రా అది పిండిని చంపతా ఉండేది?"

ఎన్నాళ్ళకో ఆ గొంతు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నేనే అక్కా," అన్నాడు మా ఆయన. "ఉండలు కడుతోంది."

"కట్టదా? మరిగే నీళ్ళలో పిండి పోస్తే ఉండలు కట్టక ముత్యాలు కడతాదా? చన్నీళ్ళలో కలుపుకోవాల మొదట. జీలకర్ర యాడ? ఉప్పేసినావా?" అంటూ ఆమె అతని చేతిలోంచి గరిటె లాక్కుంది. ఆ పిండి అవతల పెట్టించి, కొత్త గిన్నె పొయ్యెక్కించి, పచ్చిమిరపకాయలు నూరమని నన్ను పురమాయించింది. నేను నూరాను. "అంత మెత్తగానా? కాటుక అనుకున్నావా?" అంది నన్ను. నాకు ప్రాణం లేచొచ్చింది.

పిండి ఉడికి గరిటెజారుగా వచ్చింది. ఆమె మంట ఆపి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వెనక్కి జరిగింది. "తీసుకపోయి పరుచుకో చంద్రా" అంది.

అతను గిన్నె ముట్టుకోలేదు. పిండి గడ్డంతో అక్క ముందు నిలబడ్డాడు. "నువ్వు రాకుండా నాకు చేతకాదు అక్కా. నేను ఆ రోజు అన్న మాట తప్పు. బయటివాడి ముందు అన్నాను, ఇంకా తప్పు. నా మిద్దె అన్నాను. నాకు ఊహ తెలిసినప్పటినుంచి అది నీ మిద్దే." పిండి చేతులు బనీనుకు తుడుచుకున్నాడు. "నువ్వు నన్నడిగి ఫ్యాన్ వేసుకోవడం నేను చూడలేను."

వదిన ముందుకు జరిగింది. అతని గడ్డం మీది పిండిని కొంగుతో తుడిచింది. "పంచెలు తడిపినావా?" అని అడిగింది. తడపలేదు. "సరి, తడుపు పో" అని, కొంగు నడుముకు చుట్టుకుని, గోడ పట్టుకుని మెట్లెక్కింది. నేను గిన్నె మోసుకుంటూ వెనకాల ఎక్కాను.

సూర్యుడు అప్పుడే నీళ్ళ ట్యాంకు మీదికి లేచాడు. పక్కన ఆరు పలకలు ఎండను అందుకుంటున్నాయి. రెండు పలకలు ఉన్న చోట నేల ఖాళీగా ఉంది, వాటి కాళ్ళు బిగించిన గుర్తులు ఇంకా తెల్లగా కనబడుతున్నాయి. మా ఆయన తడి పంచె తెచ్చి ముడతలు లేకుండా పరిచాడు. వదిన పీట మీద కూర్చుని, గరిటె ముంచి, మొదటి వరస మొదలుపెట్టింది. అది కొంచెం వంకర పోయింది, రెండో వరస కుదిరింది. మా ఆయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఈసారి చేతిలో ఫోను లేదు. ఏదో మాట్లాడాలని, ఇంకోసారి క్షమించమనాలని ఉన్నట్టుంది, ఒక అడుగు ముందుకు వేశాడు.

వదిన తలెత్తకుండానే, గరిటెతో అతన్ని అవతలికి పొమ్మని చూపించింది.

"పక్కకు జరుగురా. నీ నీడ నా ఒడియాల మీద పడతా ఉండాది."

అతను జరిగాడు. ఆమె నన్ను అనకముందే నేను కూడా జరిగాను.